ఎస్పీ రోడ్డులో ఒక రిటైర్మెంట్ లెక్క

బెంగళూరు టౌన్‌హాల్ దగ్గర బస్సు దిగి, జేసీ రోడ్డు వెంట కార్ల విడిభాగాల దుకాణాలు దాటుకుంటూ వెళితే సాదర్ పత్రప్ప రోడ్డు తగులుతుంది. ఊళ్లో అందరికీ అది ఎస్పీ రోడ్డే. రెసిస్టర్లు మొదలుకొని కంప్యూటర్ల దాకా ఎలక్ట్రానిక్స్‌లో ఇక్కడ దొరకని వస్తువు లేదని పేరు. ఎదురొచ్చే మనిషికి భుజం తప్పించుకుంటూ నడవాల్సిన సందులు, నిలువెత్తున పేర్చిన అట్టపెట్టెలు, గల్లాల మీద పరిచిన సర్క్యూట్ బోర్డులు. ఎలక్ట్రిక్ సైకిల్‌ని ఇంట్లోనే కట్టుకోవాలనుకునేవాళ్లకు కావలసినవన్నీ ఈ ఒక్క బజారులోనే పోగవుతాయి. నేను వచ్చింది మాత్రం ఒక లెక్క తేల్చుకోవడానికి. పెట్రోలు మానేసి, సొంతంగా కట్టిన బండి మీద తిరిగి, మిగిలిన డబ్బు మ్యూచువల్ ఫండ్లలో పెడితే నలభై అయిదేళ్లకే ఉద్యోగం మానేయొచ్చని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ కొలువుల్లో ఉన్న మన తెలుగు కుర్రాళ్లలో కొందరు నమ్ముతున్నారు. ఆ నమ్మకంలో సగం తప్పు. మిగతా సగంలో వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ నిజం ఉంది.

ఈ ఆలోచన బెంగళూరులో పుట్టడం సహజమే. చేతన్ మైనీ రేవా విద్యుత్ కారు 2001లో రోడ్డెక్కింది ఇక్కడే. ఐఐటీ మద్రాసులో చదివిన ఇద్దరు కుర్రాళ్లు 2013లో పెట్టిన ఏథర్, 2018లో తన తొలి స్కూటర్లు అమ్మిందీ ఇక్కడే. విద్యుత్ వాహనాలకు ప్రత్యేక విధానం తెచ్చిన తొలి రాష్ట్రం కర్ణాటక, 2017లో. షేర్ల వ్యాపారాన్ని ఫోనులోకి తెచ్చిన జెరోధా, గ్రో కూడా ఈ ఊరివే. పనిముట్లు లేనివాళ్లు చేత్తో నేర్చుకోవడానికి హలసూరు మెట్రో స్టేషన్ కింద వర్క్‌బెంచ్ ప్రాజెక్ట్స్ లాంటి వర్క్‌షాపు కూడా వెలిసింది. బండి కట్టడానికీ, డబ్బు మదుపు చేయడానికీ కావలసిన సరంజామా అంతా ఒకే ఊళ్లో ఉన్నప్పుడు రెంటినీ ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది.

బండి కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. గట్టి చట్రమున్న గేర్ల సైకిల్, చక్రం నడిబొడ్డులో ఇమిడే 250 వాట్ల హబ్ మోటారు, ఆ మోటారుకు కరెంటు కొలిచి పంపే కంట్రోలర్, తొక్కడాన్ని పసిగట్టే సెన్సర్, బ్రేకు నొక్కగానే మోటారును ఆపే స్విచ్చు, ఇవన్నీ నడిపించే 36 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. బ్యాటరీ విప్పి చూస్తే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం సెల్లు కనిపిస్తాయి. నాలుగేసి పక్కపక్కన, అలాంటి వరసలు పది ఒకదాని వెనక ఒకటి, మొత్తం నలభై. నిండా చార్జి అయితే 42 వోల్టులు. కాస్త తొక్కుతూ వెళితే ఒక చార్జికి ముప్పై కిలోమీటర్లు నడుస్తుంది. సైకిల్ కాక మిగతా సామాన్లకు పాతిక వేలు వేసుకుందాం. బజారులో 500, 750 వాట్ల మోటార్ల వైపు చెయ్యి లాగుతుంది. ఆ చేతిని వెనక్కి తీసుకోవాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బండినే కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా తప్పనిసరి. ఆ హద్దు దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్స్, బీమా అన్నీ కావాలి. ఇంట్లో కట్టిన బండికి అవి దొరకవు. ప్రమాదం జరిగి ఎదుటి మనిషికి గాయమైతే, ఏళ్ల తరబడి కూడబెట్టింది ఒక్క కేసులో పోతుంది. అందుకే ధ్రువీకరణ పత్రం చూపించిన కిట్టే కొనాలి.

ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో ఆఫీసుకు ఎప్పటికి చేరతామని అడగొచ్చు. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల ప్రకారం బెంగళూరులో పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు పదిహేడున్నర కిలోమీటర్లు. రద్దీవేళ సిల్క్ బోర్డు కూడలిలో ఏ కారూ ఈ సైకిల్ కంటే ముందు పోలేదు. వేగం తక్కువన్న అభ్యంతరానికి ఈ ఊళ్లో బలం లేదు.

ఇక డబ్బు. ఆఫీసు పది కిలోమీటర్ల దూరం, నెలకు 22 రోజుల పని అనుకుంటే 440 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటరుకు పది లీటర్ల లోపు పెట్రోలు, సుమారు వెయ్యి రూపాయలు. ఈ సైకిల్ కిలోమీటరుకు 12 వాట్ అవర్లు తింటుంది. చార్జరులో పోయేది కలుపుకున్నా నెలకు ఆరు యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలనుకున్నా 42 రూపాయలు. ఇక్కడిదాకా చూసి సంబరపడేవాళ్లు బ్యాటరీ అరుగుదలను మర్చిపోతారు. పన్నెండు వేల బ్యాటరీ మూడున్నరేళ్లు వస్తే నెలకు మూడొందలు దాని ఖాతాలో వేయాలి. చివరికి మిగిలేది 650 రూపాయలు. దాన్ని ప్రతి నెలా 10 శాతం రాబడితో పదిహేనేళ్లు పెడితే 2 లక్షల 70 వేలు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే అది ఇవాళ్టి లక్షా పన్నెండు వేలతో సమానం. పెట్రోలు ఆదాతో రిటైర్ అవుతామన్నది ఈ లెక్క ముందు నిలవదు. నమ్మకంలో తప్పున్న సగం ఇదే.

రెండో సగం కారులో ఉంది. జీతం పెరిగిన ఏడాదే ఈ ఊళ్లో చాలా ఇళ్లకు కారు వస్తుంది. ఎనిమిది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 12,870 రూపాయలు. అదే సొమ్మును ఆ ఏడేళ్లూ 10 శాతానికి మదుపు చేసి, మరో ఎనిమిదేళ్లు కదపకుండా ఉంచితే 34 లక్షలు దాటుతుంది. పది శాతం ఆశావాదం అంటారా? 2020 ఏప్రిల్ నుంచి పీపీఎఫ్ వడ్డీ 7.1 శాతం. ఏడు శాతమే వేసుకున్నా 24 లక్షలు వస్తాయి. ఇందులో పెట్రోలు, బీమా, సర్వీసింగు, పార్కింగు కలపలేదు. అవి నెలకు పది వేలనుకుందాం. విలియం బెంగెన్ 1994లో అమెరికా మార్కెట్ల చరిత్ర చూసి, పోగేసిన సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం, ఆపైన ధరలతోపాటు పెంచుకుంటూ తీసుకుంటే ముప్పై ఏళ్లు వస్తుందని తేల్చాడు. నలభై అయిదుకే ఉద్యోగం మానేసే మనిషికి ముప్పై ఏళ్లు చాలవు, మన దగ్గర ధరల పెరుగుదలా ఎక్కువ. అందుకే 3 శాతమే తీయాలంటాను. అంటే ఏడాది ఖర్చుకు 33 రెట్లు పోగు చేయాలి. కారు నడపడానికి ఏటా అయ్యే లక్షా ఇరవై వేల కోసమే 40 లక్షలు ముందుగా కూడబెట్టాలన్నమాట. బ్యాటరీతో సహా సైకిల్ ఖర్చుకు కావలసిన మూలధనం లక్షన్నర లోపే. బండి విలువ అది మిగిల్చే పెట్రోలులో లేదు, అది ఆపగలిగే కారులో ఉంది. ఇంట్లో కారు ఉండగా సరదాకు సైకిల్ కూడా కట్టుకుంటే పాతిక వేల అదనపు ఖర్చు తప్ప రిటైర్మెంట్ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి సైకిల్ చాలుతుందా అన్నది బలమైన అభ్యంతరం. చాలదు. వానలో, ఆసుపత్రికి, రైల్వే స్టేషనుకు క్యాబ్ కావాలి. నెలకు నాలుగు వేలు క్యాబులకే పెట్టినా పై లెక్క కూలిపోదు. 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల మెట్రో మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లకు కారు అవసరం ఇంకా తగ్గింది. కంపెనీ స్కూటరు కొనుక్కోవచ్చు కదా అంటే, కొనుక్కోండి. వాదన కారును తప్పించడం గురించి, స్క్రూలు బిగించడం గురించి కాదు. చేత్తో కట్టినవాడికి ఏ భాగం ఎప్పుడు చెడుతుందో తెలుస్తుంది, మరమ్మతు తనే చేసుకుంటాడు. అది నిజమైన లాభమే. ఈ రిటైర్మెంట్ లెక్కలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆరోగ్య బీమా. ఉద్యోగం మానేసిన రోజున కంపెనీ ఇచ్చిన బీమా కూడా ఆగిపోతుంది, దానితోపాటు తల్లిదండ్రులకున్న రక్షణ పోతుంది. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోని వాళ్లు ముందస్తు రిటైర్మెంట్ మాట ఎత్తకూడదు.

ఒక్క విషయంలో నాకు రాజీ లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు పగలగొట్టి తీసిన సెల్లు చవగ్గా దొరుకుతాయి, వాటితో ప్యాక్ కట్టుకుంటే ఖర్చు సగమవుతుందని చెప్పేవాళ్లుంటారు. పది వరసల్లో ఒక్కటి బలహీనమైనా అదే ముందు ఖాళీ అవుతుంది, అదే ముందు నిండిపోతుంది. ప్రతి వరస వోల్టేజీ కనిపెట్టి కరెంటు ఆపే బీఎంఎస్ బోర్డు లేకపోయినా, నాసిరకందైనా, ఆ వరసే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అవి కంపెనీల్లో తయారైనవి. ఆ ఏడాది చివరి నుంచే స్కూటర్ బ్యాటరీల పరీక్షా ప్రమాణాలను కేంద్రం బిగించింది. ఇంట్లో అతికించిన ప్యాకును ఏ ప్రయోగశాలా చూడదు. మదుపులోనూ ఇలాంటి అడ్డదారి ఒకటుంది, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్. అందులోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. సైకిల్‌తో ఆదా చేసిన డబ్బు అక్కడ పెట్టేవాడు పదేళ్ల ఓపికను ఒక్క వారంలో పోగొట్టుకుంటాడు.

ఈ దారి పట్టదలచినవాళ్లకు నా మాట ఇది. మోటారు మీరే బిగించుకోండి, వైర్లు మీరే కలుపుకోండి, బ్యాటరీ మాత్రం బిల్లు, వారంటీ ఇచ్చే తయారీదారు దగ్గరే కొనండి. పడుకునే గదిలో, ఇంటి గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టకండి. ఎస్పీ రోడ్డుకు బయల్దేరే ముందే కారు వాయిదాకు సరిపడా సొమ్మును ప్రతి నెలా ఒకటో తారీఖున ఫండులోకి పోయేలా బ్యాంకులో రాసివ్వండి. అది రాసివ్వడానికి మనసు ఒప్పకపోతే సైకిల్ కూడా కట్టకండి.