నట్టు బిగిస్తే గుంత పూడదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో బండ్ల షెడ్లు చూసుకుంటూ పోతే, ట్యాంకు మీద ఇంకా ‘హీరో హోండా’ అనే పేరుతోనే ఉన్న స్ప్లెండర్లు కనబడుతూనే ఉంటాయి. కంపెనీ పేరు 2011లో మారింది కాబట్టి వాటి వయసు లెక్క కట్టడం కష్టం కాదు. వాటితో వచ్చేవాళ్లు చెప్పే మాట ఒక్కటే: “హ్యాండిల్ పట్టేస్తున్నదన్నా, జర టైట్ చెయ్యి.” జబ్బునూ మందునూ బండాయనే చెప్పేస్తాడు. మెకానిక్ హుక్ స్పానర్ అందుకుంటాడు, పై నట్టు పావు చుట్టు తిరుగుతుంది, చిన్న నోటు చేతులు మారుతుంది. ఈ మూడు ఊళ్ల షెడ్లలో నేను గమనించినంత వరకు కోన్ సెట్టుకు, అంటే హ్యాండిల్ కాడకు పైనా కిందా కప్పు, కోన్, గోళీలతో ఉండే బేరింగుకు, జరిగే వైద్యం చాలాసార్లు ఇక్కడితోనే సరి. పట్టేస్తున్న హ్యాండిల్‌కు బిగింపు మందు కాదని, చాలా సందర్భాల్లో అది జబ్బును ముదరబెడుతుందని నా వాదన.

విప్పిన కోన్ సెట్టును ఒకసారి దగ్గరగా చూస్తే ఈ మాట నమ్మడం తేలిక. కింది కోన్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచాక, గోళీలు తిరిగే దారిలో ఒకే ఎడంతో చిన్న చిన్న గుంతలు వరసగా తేలతాయి. కంటికి ఆనకపోయినా గోరు పెట్టి గీస్తే టక్కు టక్కున తగులుతాయి. పై కప్పు అంతగా చెడదు. ముందు చక్రం మీద పడే దెబ్బ, బ్రేకు వేసినప్పటి తోపు, చక్రం చిమ్మే నీళ్లు, అన్నీ ముందుగా కిందిదాని మీదికే వస్తాయి. మూటలు మోసీ మోసీ పోయిందని బండివాళ్లు అనుకుంటారు గానీ, వెనక కట్టిన మూట భారం ఎక్కువగా వెనక చక్రానిదే. అసలు సంగతి, ఈ బేరింగు తిరిగి అరిగేది కాదు, తిరగక చెడేది. చక్రం బేరింగు నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. హ్యాండిల్ బేరింగు మాత్రం జీవితమంతా ఒక్క పూర్తి చుట్టు కూడా తిరగదు. కొత్తకోట, పెబ్బేరు మీదుగా 44వ జాతీయ రహదారి మీద తిన్నగా పోయే బండిలో గోళీలు ఉన్నచోటే ఉండి, ప్రతి అదురునూ అదే చోట దించుతాయి. కింద ఉన్న గ్రీజు పక్కలకు జరిగిపోతుంది, ఇనుముకు ఇనుము తగులుతుంది. రైళ్లలో దూరాలకు పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులు రోడ్డెక్కక ముందే మచ్చలు పడటాన్ని అమెరికన్ ఇంజనీరు ఆల్మెన్ 1937లోనే చర్చించాడు. చక్రం తిరగలేదు, అదిరింది. చెడిపోవడానికి అదే చాలింది.

బిగించాక బండి బాగానే నడుస్తోంది కదా అని అడగొచ్చు. నడుస్తుంది, కాదనను. ఎందుకంటే రోగాలు రెండు. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, ముందు చక్రం లేపి, ఫోర్కు కింది కొసలు పట్టి ముందుకూ వెనక్కూ లాగినప్పుడు టకటకలాడితే అది వదులు. దానికి బిగింపు న్యాయమే. హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా నడిమధ్య టక్కున ఆగితే అది గుంత. పాత బండికి రెండూ కలిసే ఉంటాయి కాబట్టి బిగిస్తే చప్పుడు పోతుంది, నయమైందనిపిస్తుంది. గోళీ మాత్రం గుంతలో ఇంకా గట్టిగా కూర్చుంటుంది. రెండు చక్రాల బండి నిలబడేదే హ్యాండిల్ క్షణక్షణం చేసుకునే చిన్న సర్దుబాట్లతో. అవి ఆగితే నెమ్మదిగా పోయేటప్పుడు బండి పాములా వంకర్లు పోతుంది. గోళీలొక్కటే మారిస్తే చాలదా అంటే, కొత్త గోళీ కూడా పాత గుంతలోనే పడుతుంది. కప్పును కాస్త తిప్పి కొట్టే కిటుకు ఒకటుంది. కప్పు గుంతలూ కోన్ గుంతలూ ఎదురెదురు పడకుండా పోయి, పట్టు కొంత తగ్గుతుంది. పంట చేతికొచ్చేదాకా బండి ఆగకూడదనుకునే రైతుకు అదీ మేలే. కానీ దెబ్బతిన్న పైపొర మళ్లీ రాదు.

మెకానిక్‌కు ఇవి తెలియవనుకోవడం పొరపాటు. సెట్టు మార్చాలంటే చక్రం, మడ్‌గార్డు, హెడ్‌లైటు, కేబుళ్లు, ఫోర్కులు అన్నీ దిగాలి. పైపులోంచి కప్పులు, కాడ నుంచి కింది కోన్ ఊడదీయడమే అసలు కష్టం. ఇంతా చేశాక బండాయన చూసేది అరచేతిలో పట్టే సామాను, అడిగేది “ఇంత చిన్నదానికి ఇంతనా?” అని. సామాను బిల్లు ఒప్పుకునే చేయి కూలి బిల్లు దగ్గర వెనక్కి పోతుంది. వనపర్తి సంస్థానం వారి భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్న ప్రాంతంలో కూడా చేతిపనికి ధర కట్టడం మనం ఇంకా నేర్వలేదు.

గోళీలకు బదులు టేపర్ రోలర్లు వేయించమనేవాళ్లూ ఉన్నారు. గోళీ చుక్క మీద ఆనితే రోలర్ గీత మీద ఆనుతుంది కాబట్టి భారం పంచుకుంటుంది, నిజమే. అయితే ఎత్తు తేడా వస్తే పై నట్టుకు మరలు చాలవు, బిగింపు కాస్త ఎక్కువైనా హ్యాండిల్ బరువెక్కుతుంది. వంకరగా కొట్టిన కప్పులో ఏది వేసినా ఒకటే. తిన్నగా దిగిన కప్పులు, దండిగా గ్రీజు పెట్టిన మామూలు గోళీల సెట్టు ఈ బండ్లకు సరిపోతుంది. ముందు బిగించి, కాస్త వదిలి, లాక్ నట్టు పట్టించాక, చక్రం గాలిలో ఉండగా హ్యాండిల్‌ను కొద్దిగా తోస్తే తన బరువుకే పక్కకు వాలాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కప్పులు కుదురుకుని కాస్త వదులొస్తుంది. ఆ హుక్ స్పానర్‌కు పని అప్పుడు.