ఒకే పెట్టెలో రెండు కాపురాలు

పార్టీషన్ అన్న మాట తెలుగిళ్లకు కొత్త కాదు. అన్నదమ్ములు వేరుపడితే రాసుకునే కాగితం పేరే అది. గోడ ఎక్కడ లేపాలి, నుయ్యి ఎవరి వైపు ఉండాలి అని పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని తేల్చేవారు. కంప్యూటర్‌లోనూ పార్టీషన్లు ఉంటాయని కళింగపట్నంలోని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి మనవరాలు ఇంజినీరింగ్‌లో చేరాకే తెలిసింది.

ఆ అమ్మాయి కాలేజీ ల్యాబులో ఉన్నది లినక్స్. ఇంట్లో తాతయ్య డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ 7. కొత్తది కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. 'దీన్లోనే రెండూ పెట్టుకుందాం తాతయ్యా. ఆన్ చేయగానే ఏది కావాలో అదే అడుగుతుంది' అంది. మాస్టారు ససేమిరా అన్నారు.

ఆయన భయం ఆయనది. ఇరవయ్యేళ్లుగా వంశధార ఒడ్డున ఊళ్లు తిరిగి సేకరించిన మాటలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. బుగత, కంబారి, గుంటడు... రైతులూ, మత్స్యకారులూ, ముసలమ్మలూ చెప్పినవి. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. మళ్లీ అడుగుదామంటే ఎవరిని అడుగుతారు? అదంతా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో టైపు చేయించిన పని. రెండో కాపీ లేదు.

'పోనీ, విండోస్ తీసేసి లినక్స్ ఒక్కటే పెట్టుకోవచ్చుగా' అనే వాళ్లుంటారు. అక్కడే ఉంది చిక్కు. పేజ్‌మేకర్‌కు లినక్స్ రూపం లేదు. పైగా పాత డీటీపీ ఫాంట్లలో 'క' నిజంగా 'క' కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ కనిపిస్తుంది. తెలుగు నేలమీద ఎన్నో డీటీపీ సెంటర్లు పాత విండోస్‌ను ఏళ్ల తరబడి వదలకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఇదే. కాబట్టి ఈ ఇంట్లో రెండు సిస్టమ్‌లు సరదా కోసం కాదు, అవసరానికి.

హార్డ్‌డిస్క్‌లో విండోస్ వాటాను కాస్త కుదించి, ఖాళీ అయిన చోట లినక్స్ ఎక్కించడమే అసలు పని. విండోస్ ముందు, లినక్స్ తర్వాత. ఇలాంటి పాత కంప్యూటర్లలో వరస తిరగబడితే, తర్వాత వచ్చిన విండోస్ గుమ్మం దగ్గర తన తాళమే వేసుకుంటుంది. లినక్స్‌తో వచ్చే గ్రబ్ అలా కాదు. సాధారణంగా పక్క వాటాలో ఉన్న విండోస్‌ను గుర్తించి, దాని పేరు కూడా జాబితాలో చేర్చి, 'ఎవరింటికండీ?' అన్నట్టు అడుగుతుంది.

డిస్క్ మీద చెయ్యి వేసేటప్పుడు పొరపాట్లు మహామహులకూ తప్పలేదు. హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాస్తున్నప్పుడు ఆయన కంప్యూటర్‌లో మినిక్స్ అనే మరో సిస్టమ్ ఉండేది. మోడెమ్‌కు వెళ్లాల్సిన ఆదేశం పొరపాటున హార్డ్‌డిస్క్‌కు వెళ్లి, మినిక్స్ వాటా పాడైపోయింది. ఆయన దాన్ని మళ్లీ పెట్టుకోకుండా లినక్స్‌తోనే ముందుకు పోయారు. ఆయన దగ్గర అలా పోవడానికి సొంత సిస్టమ్ ఉంది. మాస్టారికి మాటలు పోతే ఏముంది?

అందుకే ముందు కాపీలు. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, మూడోది విశాఖలో ఉన్న కొడుకు దగ్గరికి. కాపీ చేశాక ఫైళ్లు తెరిచి చూశారు కూడా. చాలామంది ఈ ఒక్క పనీ చేయరు.

తర్వాత కరెంటు. తుపాను బులెటిన్లలో తరచూ వినిపించే ఊరు కళింగపట్నం. వాటాలు కుదించే మధ్యలో కరెంటు పోతే లోపలున్నది దక్కకపోవచ్చు. యూపీఎస్ బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆకాశం చూసి, 'ఈయేల ఒద్దండి మాస్టారూ, కరెంటు ఎప్పుడు పోతాదో ఎవులికెరిక' అన్నాడు. పని నాలుగు రోజులు వాయిదా పడింది.

ఎండ కాసిన రోజు అంతా అయింది. గంటన్నర కూడా పట్టలేదు. విండోస్ తెరిస్తే మాటలన్నీ భద్రం. కానీ గడియారం చూసి మాస్టారు కంగారుపడ్డారు. పగలు 11 గంటలైతే, తెల్లవారుజాము 5.30 చూపిస్తోంది! లినక్స్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ కాలమానంలో ఉంచింది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఒక చిన్న ఆదేశంతో మనవరాలు సరిచేసింది.

విండోస్ 7కు 2020 జనవరితో రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆ వాటాకు ఇంటర్నెట్ తీసేశారు. నెట్ పనులన్నీ ఇటువైపే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కీ మామూలు మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లున్న ఇళ్లు చాలా వాటిలో ఇప్పుడు ఇదే చర్చ.

లినక్స్ వైపు మనవరాలి చదువుతోపాటు ఇంకో పని కూడా మొదలైంది. తెలుగుకు తనవైన స్థానాలు కేటాయించిన యూనికోడ్ మొదటి రూపం వచ్చిందీ 1991లోనే. అందులో రాస్తే ఏ కంప్యూటర్‌లోనైనా 'క' అంటే 'క'నే. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతున్నాయి. యాస మాటల్లో ఏది తప్పో, ఏది ఒప్పో సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? అందుకని ఆదివారాలు మాస్టారు కాగితం చూసి పైకి చదువుతున్నారు, ఆమె టైపు చేస్తోంది. 'గుంటడు' దాకా వచ్చారు.