కోనేటి అడుగున నాణెం

మాది మహానంది పక్క పల్లె. మహానంది అనగానే ఎవరైనా కోనేరు మాటే ఎత్తుతారు. ఆ నీళ్లలో గుండుసూది వేసినా అడుగున కనబడుతుందని చెప్పుకుంటారు. గుండుసూది సంగతి నాకు తెలియదు గానీ, చిన్నప్పుడు మా జేజి వేసిన రూపాయి బిళ్ల అడుగున మెరవడం మాత్రం కళ్లారా చూశాను. ఆ నీళ్లే కాలువలై పారి మా అరటితోటలకు వస్తాయి. అయితే ఈ వ్యాసం కోనేటి గురించి కాదు, మాట్లాడే హక్కు గురించి. పాఠకులు ఆ రూపాయి బిళ్లను మాత్రం కాస్త గుర్తుంచుకోవాలని మనవి.

2013 ఆగస్టులో నేను మూడో తరగతి. రాష్ట్రాన్ని విడదీస్తారని తేలిపోయింది. 12వ తేదీ అర్ధరాత్రి నుంచి సీమాంధ్ర ఉద్యోగులు సమైక్యాంధ్ర కోసం సమ్మె కట్టారు. బస్సులు నిలిచిపోయినాయి, బడి మూతపడింది. మా పిల్లకాయలకు పండగే. మా వీధిలో ఆర్టీసీ కండక్టరు మామ ఒకాయన ఉండేవాడు. రోజూ ఎవరిదో మోటారు సైకిలెక్కి నంద్యాల పోయి శిబిరంలో కూచునేవాడు. జీతం రాలేదు. మా ఇంటి నుంచి వాళ్లింటికి బియ్యం పోవడం నాకు గుర్తుంది.

అంతకు రెండేళ్ల ముందు, 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల పాటు తెలంగాణ ఉద్యోగులు సకల జనుల సమ్మె చేశారు. వాళ్లు విడిపోవాలన్నారు, మావాళ్లు కలిసుండాలన్నారు. కోరికలు ఎదురెదురు. కానీ రెండు చోట్లా ఉద్యోగి తన ముఖం చూపించి, తన జీతం పోగొట్టుకొని మాట్లాడినాడు.

మా నాయన మాత్రం గొణిగేవాడు. "ఆయప్పకు నిలిచిన జీతం మళ్లా నెల వస్తాది. పండిన గెల నిలుస్తాదా?" అని. లారీలు రాక గెలలు తోటలోనే మాగిపోయిన రోజులవి. ఉద్యోగి మాటకు రైతు కూడా ధర కట్టినాడు. తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని చెప్పినప్పుడు జనం పడే ఇబ్బందినీ లెక్కలోకి తీసుకుంది. అయితే అదే కోర్టు 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో, ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి పౌరహక్కులు పోవనీ, శాంతియుతమైన ప్రదర్శనను సైతం నిషేధించే నిబంధన చెల్లదనీ తీర్పు ఇచ్చింది. సమ్మె వేరు, మాట వేరు. ఈ తేడా నాకు పుస్తకం చదివాక గాక, మా చిన్నాయన వల్ల తెలిసింది.

చిన్నాయన ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనివాడు. దాని పేరు రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. 2024 ఎన్నికల ముందు యాజమాన్యం ఒక పార్టీ సభకు బస్సులు పెట్టింది. తప్పక రావాలని ఎవరూ అనలేదు. ఎక్కినవాళ్ల పేర్లు మాత్రం రాసుకున్నారు. చిన్నాయన ఎక్కినాడు. ఆయన జతగాడు ఎక్కలేదు. పైగా ఫోనులో స్టేటస్‌గా వేరే పార్టీ గుర్తు పెట్టుకున్నాడు. మరుసటి నెల ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. అడిగితే "పని తగ్గింది" అన్నారట.

హాస్టల్లో ఈ సంగతి విని నాకు రక్తం ఉడికింది. ఉన్నదున్నట్టు రాసి నేనూ స్టేటస్ పెట్టినాను. గంట తిరక్కుండానే చిన్నాయన ఫోను.

"అబ్బీ, అది తీసేయ్‌రా. నీ మెస్ బిల్లు యాడ నుంచి వస్తాండాదో తెలుసు కదా."

తిట్టలేదు, బతిమాలినాడు. అదే నాకు కష్టమనిపించింది. తీసేసినాను.

అదే ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసింది. 2018 జనవరిలో వచ్చిన ఆ పథకం కింద కంపెనీలు స్టేట్ బ్యాంకులో బాండ్లు కొని పార్టీలకు ఇవ్వవచ్చు. ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకు తెలియదు. కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వరాదన్న హద్దును కూడా 2017లోనే తీసేశారు. కోర్టు ఆజ్ఞ తరువాత మార్చిలో జాబితా బయటికి వచ్చింది. కొన్నవాళ్లలో రెండో స్థానం మన హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. అప్పటి చట్టం ఒప్పుకున్న పనే కాబట్టి నేను నేరం మోపడం లేదు. నా బాధల్లా ఒక్కటే. 966 కోట్ల మాట ఎవరికీ వినబడలేదు, మా చిన్నాయన జతగాని స్టేటస్ మాత్రం అందరికీ కనబడింది.

ఇది కొత్త వ్యాధి కాదు. 1957లోనే టాటా ఉక్కు కంపెనీ కేసులో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లా, కంపెనీల డబ్బు పార్టీల్లోకి వస్తే ప్రజాస్వామ్యానికి ప్రమాదమని హెచ్చరించాడు. 1969లో ఆ చందాలను నిషేధించారు, 1985లో మళ్లీ అనుమతించారు. అమెరికాలోనైతే 2010లో, ఎన్నికల్లో సొంతంగా ప్రచారానికి ఖర్చు పెట్టడం కంపెనీకి వాక్‌స్వాతంత్ర్యమేనని అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో చెప్పింది.

మన రాజ్యాంగం 19వ అధికరణం వాక్‌స్వాతంత్ర్యాన్ని పౌరులకు ఇచ్చింది. కంపెనీ పౌరుడు కాదని 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన విశాఖపట్నం వాణిజ్య పన్నుల అధికారే. అంటే లెక్క ప్రకారం పౌరుడు మా చిన్నాయన, కాదనిపించుకున్నది కంపెనీ. నోరు మాత్రం ఎవరికుందో చూడండి.

మరి కంపెనీకి నోరే వద్దా అంటే, అలా అనలేను. పత్రికలు నడిపేవీ కంపెనీలే. పది పేజీలు మించరాదని ప్రభుత్వం ఆంక్ష పెడితే, 1972లో బెన్నెట్ కోల్‌మన్ కేసులో వాటాదారుల, సంపాదకుల హక్కు కింద కోర్టు దాన్ని కొట్టేసింది. అది మంచిదే. పన్ను ఎక్కువైందని, కరెంటు చాలడం లేదని కంపెనీ చెప్పుకోనీ. కానీ తన పేరుతో చెప్పాలి, పనివాళ్లను బస్సుల్లో నింపి వాళ్ల తలలతో చెప్పరాదు.

చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని మా ఫిజిక్సు పుస్తకం చెబుతుంది. మాట విషయంలో ఆ సూత్రం పనిచేయదు. కంపెనీ మాట్లాడితే జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దు. చిన్నాయన మాట్లాడితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకే గదా ఓటు రహస్యంగా వేయమన్నారు! రహస్యం బలహీనునికి కట్టిన గోడ. బాండ్లతో ఆ గోడను బలవంతుడు తన చుట్టూ కట్టుకున్నాడు. చిన్న మనిషి అభిప్రాయానికి ఉండే చాటు, ప్రభుత్వ విధానాలను మార్చాలని ఇచ్చే పెద్ద మొత్తాలకు వర్తించదని కోర్టు కూడా అన్నది.

బలవంతుని డబ్బు మా జేజి కోనేటిలో వేసిన బిళ్ల లాగా ఉండాలి. ఎవరు వేశారో, ఎంత వేశారో గట్టు మీద నిలబడిన ప్రతివానికీ కనబడాలి. చిన్నాయన మనసు ఆయన చెప్పదలచుకుంటేనే తెలియాలి, చెప్పినందుకు కూడు పోకూడదు.

సంచిక సంపాదకులు ఈ వ్యాసం కింద నా పేరు వేయమంటావా అని అడిగారు. రాత్రి చిన్నాయనకు ఫోను చేసి, మొదటి నుంచి చివర దాకా చదివి వినిపించినాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "బాగా రాసినావు అబ్బీ. పేరు మాత్రం వద్దులే" అన్నాడు.

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి