ఇంటిని మోసుకొని మిసిసిపీ దాకా

అమెరికాలో మోటార్‌హోం అనే వాహనం వున్నది. ఒక చిన్న ఇంటిని తెచ్చి వ్యాను చాసిస్ మీద దించి ముందు స్టీరింగు పెడితే ఎలా వుంటుందో అలా వుంటుంది. పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది, వెనుక కొసన పెద్ద మంచం, అన్నీ అందులోనే. హోటలు గదికోసం వెతుక్కోనక్కరలేదు. అన్నం, చారు మన చేత్తో మనమే కాచుకోవచ్చు. ఈ సంగతులన్నీ అక్కడికి వెళ్ళివచ్చినవారు మన సోదర పాఠకులకు చెప్పే వుంటారు. ఆ ఇల్లు పరుగెత్తేటప్పుడు లోపల కూర్చున్నవారి నడుము ఏమవుతుందో మాత్రం చెప్పి వుండరు.

హ్యూస్టను నగరంలో మా అల్లుడు పాతదొకటి కొన్నాడు. హోసూరులో ముప్పై ఏళ్ళకు పైగా లారీల కమాన్ పట్టీలు కట్టిన చెయ్యి నాది. కనుక అమ్మాయి పరుపులూ పరదాలూ చూపిస్తుంటే నేను బండి కిందికి వంగి చూశాను. ముందు చుట్టల స్ప్రింగులు, వెనుక ఇరుసుకు మన లారీలకు మాదిరే కమాన్ పట్టీలు. సరుకులు చేరవేసే వ్యానుకోసం చేసిన చాసిస్. వ్యాను ఒక పూట బరువు మోస్తే ఒక పూట ఖాళీగా తిరుగుతుంది. దీనికి ఆ విశ్రాంతి లేదు. ఎప్పుడూ ఇంటిని మోస్తూనే వుండాలి. పైగా మంచమూ దాని కింది సామాన్ల అరా ఇరుసును దాటి బాగా వెనక్కు పొడుచుకు వచ్చాయి.

మొదటిసారి గాల్వెస్టను సముద్రతీరానికి వెళ్ళాము. యాభై మైళ్ళ దూరం. అక్కడ బండి నడుస్తుండగా మంచం మీద పడుకోకూడదు. బెల్టు కట్టుకొని కూర్చోవాలి. బెల్టు వున్న భోజనాల బల్ల సరిగ్గా వెనుక ఇరుసు నెత్తిన వున్నది. మా ఇంటావిడకు నడుములో డిస్కు బాధ పాతదే. గాల్వెస్టనులో దిగేటప్పటికి నిటారుగా నిలబడలేకపోయింది. తిరిగి వచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో మిసిసిపీ పేరు చదివిన నాటినుంచి ఆ నదిని చూడాలని ఆమెకు కోరిక. పై వారం న్యూ ఆర్లియన్సు ప్రయాణం ఏర్పాటయి వుంది. “మీరంతా వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటాను” అన్నది. ఈ వయస్సులో మళ్ళీ సముద్రం దాటి వస్తామన్న నమ్మకం నాకూ లేదు.

అల్లుడు అప్పటికే కేటలాగులు ముందు వేసుకున్నాడు. “మామయ్యగారూ, స్ప్రింగుల పక్కన గాలి తిత్తులు వేయించేద్దామా?” అన్నాడు. అది వేల డాలర్ల మాట. “ముందు కాటా వేయిద్దాం బాబూ” అన్నాను.

అక్కడ లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో కాటాలు వుంటాయి. ముందు ఇరుసు ఒక పలక మీద, వెనుక ఇరుసు ఇంకొక పలక మీద నిలిపితే దేని బరువు దానికి చీటీ ఇస్తారు. మా బండికి తయారీదారు ఇచ్చిన హద్దు మొత్తం 14,500 పౌనులు, అంటే దాదాపు 6,600 కిలోలు. మొత్తం మీద హద్దు దాటలేదు గాని వెనుక ఇరుసు గొంతు దాకా మునిగివున్నది. కారణం వెతికితే మంచం కింద దొరికింది. అక్కడ నలభై గ్యాలన్ల నీళ్ళ తొట్టి వున్నది. అమెరికా గ్యాలను నీరు ఎనిమిది పౌనుల పైచిలుకు తూగుతుంది కాబట్టి నిండు తొట్టి సుమారు 150 కిలోలు. దానికి తోడు రెండు సైకిళ్ళు, ఇనుప పెనం, రెండు బియ్యం బస్తాలు. ఇరుసు వెనుక వున్న బరువు తన బరువుతో ఊరుకోదు. తక్కెడ కాడలాగా ముందు ఇరుసును పైకి లేపి, ఆ భారం కూడా వెనుక ఇరుసు మీదనే పడేస్తుంది. బరువుకు బాగా అణిగిపోయిన కమాను ఇక కదలడానికి చోటులేక రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బే నడుముకు తగిలేది. తొట్టిలో నాలుగో వంతు నీళ్ళు వుంచి, బస్తాలు ముందుకు మార్చాము. సైకిళ్ళు ఇంట్లో దించేశాము.

తరువాత టైర్ల గాలి. ఆరు టైర్లలోనూ 80 పౌనుల గాలి కొట్టి వున్నది. ఆ టైరు భరించగల బరువుకు అది గరిష్ఠ లెక్క. ఏ బరువుకు ఎంత గాలి వుండాలో టైరు కంపెనీవారి పట్టికలోనే వుంటుంది. కాటా చీటీ పక్కన పెట్టి చూస్తే ముందు టైర్లకు 65 చాలునని తేలింది. వెనుకవాటికి 80 వుంచాము. ఈ లెక్క కాటా వేయకుండా ఊహించి తగ్గించరాదు. గాలి తక్కువైన టైరు వేడెక్కి పగులుతుంది.

పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదానిమీద ఒకటి జారడం మానేశాయి. అలా బిగిసిన కమాను చిన్న గతుకుకు వంగదు. కట్ట విప్పి, తీగ బ్రష్షుతో రుద్ది, గ్రాఫైటు గ్రీజు రాయడం నాకు పాత పని. అక్కడి మెకానిక్కు నన్ను వింతగా చూశాడు గాని చేయనిచ్చాడు.

డబ్బు ఖర్చు పెట్టింది షాక్ అబ్జార్బర్ల మీద. పేరు చూసి చాలామంది పొరబడతారు. దెబ్బను తీసుకొనేది స్ప్రింగే. అయితే తీసుకున్నదాన్ని తన దగ్గర వుంచుకోదు, తిరిగి పైకి విసురుతుంది. ఆ ఊగులాటను సన్నని రంధ్రాల గుండా నూనెను తోసి వేడిగా మార్చి అణచేది ఈ గొట్టాలు. పాతవాటిని ఊడదీసి చేత్తో నొక్కితే సైకిలు పంపులాగా దిగిపోయాయి. కొత్తవి నాలుగు వేయించాము. పెద్ద లారీలు దాటినప్పుడు బండి పక్కకు ఒరగకుండా వెనుక లావుపాటి అడ్డకడ్డీ కూడా ఒకటి. ఆ కడ్డీ వల్ల గతుకులు తగ్గుతాయని అమ్మేవాడు చెప్పినా నమ్మనక్కరలేదు. ఒరుగుడు తగ్గించడమే దాని పని.

హ్యూస్టను నుంచి న్యూ ఆర్లియన్సుకు 10వ నంబరు రహదారి మీద సుమారు 350 మైళ్ళు. మా ఇంటావిడ నడుము వెనుక రెండు దిండ్లు పెట్టుకొని ఎక్కింది. లేక్ చార్లెస్ దగ్గర 1950ల నాటి నిటారైన వంతెన. దాని కమ్మీల మీద జత పిస్తోళ్ళ బొమ్మలు. అది దాటాక వరిచేలు వచ్చాయి. రొయ్యకూ ఎండ్రకాయకూ మధ్యరకంగా వుండే క్రాఫిష్‌ను అక్కడ వరిపొలాల్లోనే పెంచుతారు. కాంక్రీటు రోడ్డు అతుకులు కూడా అక్కడే తెలిశాయి. గంటకు అరవై మైళ్ళంటే క్షణానికి 88 అడుగులు. ఇరవై అడుగులకొక అతుకు అనుకుంటే క్షణానికి నాలుగు దెబ్బలకు పైమాటే. దెబ్బలు వినిపిస్తూనే వున్నాయి, నడుము దాకా రాలేదు.

లఫయెట్టు దాటాక అచాఫలాయా చిత్తడినేల మీద 1973లో తెరిచిన జంట వంతెన. పొడుగు 18 మైళ్ళు, అంటే హోసూరు నుంచి బెంగుళూరుకు ముప్పాతిక దూరం. రెండు పక్కలా నీళ్ళలో నిలబడిన సైప్రసు చెట్లు, కొమ్మలనుంచి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు. వంతెన సగంలో వెనక్కు తిరిగి చూశాను. ఆమె నోరు తెరుచుకొని నిద్రపోతున్నది. లేపితే కోప్పడుతుందని లేపలేదు. చెట్లు చూపించలేదని తరువాత కోప్పడింది.

న్యూ ఆర్లియన్సులో నది ఊరి వీధులకంటె ఎత్తున, కరకట్టకు అవతల పారుతుంది. మెట్లెక్కితే గాని కనబడదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. “మన గోదావరికంటె మురికిగా వుందే” అన్నది. చాలాసేపు మాత్రం దిగలేదు.

పొయ్యి, ఫ్రిజ్జు వున్న వైపు బండి ఒక అంగుళం ఒరిగి వున్నదని అల్లుడు ఇప్పటికీ గాలి తిత్తుల మాట ఎత్తుతుంటాడు. అందుకయితే అవి పనికివస్తాయి, రెండు వైపులా వేరువేరుగా గాలి నింపుకోవచ్చు. వచ్చే బోనసుకు వేయించుకోమన్నాను.