నా చేతికి సరిపడ్డ కీబోర్డు

నవ్వకండేం! పచ్చళ్ల జాడీలు సర్దుకునే మనిషికి కీబోర్డు తయారుచేసుకునే పిచ్చేమిటని మా వారూ ముందు నవ్వారు.

పెళ్లికి ముందు నేను టైపు హయ్యరు పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు 28 ఏళ్లుగా ట్రంకుపెట్టెలో పట్టుచీరల కిందే ఉండిపోయింది. పోయిన వేసవిలో, అమ్మ రాసుకున్న వంటల నోటుబుక్కులో సిరా వెలిసిపోతోందని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. ఇంట్లో ఉన్న కీబోర్డు మీద వేళ్లు ఆడితేనా! అలాంటి మామూలు వాటిలో మీటలన్నిటికీ కలిపి అడుగున ఒకటే రబ్బరు పొర. మెకానికల్ కీబోర్డులో మీట మీటకీ విడిగా స్ప్రింగున్న స్విచ్చి ఉంటుంది. "నీకు నచ్చినట్టు నువ్వే బిగించుకోవచ్చమ్మా" అన్నాడు మా అబ్బాయి. పోపులడబ్బాలో దాచిన డబ్బు తీశాను.

మీకూ సరదా వేస్తే వినండి. స్విచ్చిలకి రంగులే గుర్తు. సాధారణంగా ఎరుపు సాఫీగా దిగుతుంది. నీలం టిక్కుమంటుంది. బ్రౌను ఆ టిక్కు లేకుండా వేలికి చిన్న గతుకులా తగులుతుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నాక కొట్టుకునేదాన్ని కనుక నేను బ్రౌను ఎంచుకున్నాను. బోర్డు 'హాట్‌స్వాప్' రకమైతే టంకం పని లేదు, స్విచ్చి పెట్టి నొక్కితే కూర్చుంటుంది.

87 స్విచ్చిలూ విప్పి సన్న కుంచెతో గ్రీజు రాశాను. వారం రోజుల మధ్యాహ్నాలు పట్టింది. అట్లపెనాన్ని నూనెగుడ్డతో తుడిచినంత పలచగా రాయాలి సుమండీ! గతుకు ఉన్నచోట రాస్తే అది వేలికి సరిగా తెలియదు.

అంతా బిగించాక 'ఎల్' పడదే! ఏడుపొచ్చినంత పనైంది. స్విచ్చి పీకి చూస్తే దాని కాలొకటి వంగింది. కనుబొమలు తీసే పట్టకారుతో సరిచేసి, ఈసారి నిటారుగా పెట్టి నొక్కాను. పడింది!

కళ్లు మూసుకుని 'ఎఫ్', 'జె' మీటల మీది చిన్న గీతలు తడిమి వేళ్లు ఆనించాను. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన పాఠం చేతులు మరిచిపోలేదు! ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే పద్ధతిలో, ఆవకాయ కొలతలతో మొదలుపెట్టి ఇప్పటికి 40 పేజీలు ఎక్కించాను.

మా వంటగట్టు ఎత్తు మామగారు చెప్పి కట్టించారు. మిక్సీ మా వారు చూసి కొన్నారు. నా వేళ్లనడిగి అమర్చుకున్న వస్తువు ఈ ఇంట్లో ఇదొక్కటే.

మీ ట్రంకుపెట్టె అడుగునా ఓ సర్టిఫికెట్టు ఉందేమో, ఒకసారి తీసి చూడండి మరి!