పెళ్లి తెగినా అప్పు తెగదు

ఫుజైరాలో డాక్టరీ జీతాల మీద మేమిద్దరం విజయవాడలో ఉమ్మడిగా ఒక ఫ్లాటు కొన్నాం. కాపురం పొసగలేదు. కోర్టు విడాకులిచ్చింది గాని, ఆ తీర్పు బ్యాంకుకు వర్తించదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, కలిసి మాటిచ్చిన వారిలో ఎవరినైనా మొత్తం బాకీ అడగవచ్చు.

బయటపడే దారులు మూడు. ఫ్లాటు అమ్మి అప్పు తీర్చడం. ఒకరు తన పేర కొత్త లోను తీసుకుని పాతది మూసెయ్యడం. బ్యాంకును ఒప్పించి ఒక పేరు తీయించడం. మిగిలే మనిషి జీతం చాలుతుందని నమ్మితేనే బ్యాంకు పేరు తీస్తుంది.

మాది రెండో దారి. కొత్త లోను ఆయన తీసుకున్నారు. నా వాటా వదులుకుంటూ విడుదల పత్రం రిజిస్టరు కావాలి. సెలవు దొరక్క, దుబాయి మన కాన్సులేటు ధ్రువీకరణతో అన్నయ్యకు పవరాఫటార్నీ పంపాను. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి, మరవకండి.

"సగం ఇల్లు వదిలేశావేమే" అని అమ్మ బాధపడింది. ఆయన వాయిదా కట్టారో లేదోనని ప్రతినెలా పడే బెంగ కూడా దానితోనే వదిలిందని చెప్పాను. ఉమ్మడి సంతకం పెట్టే దంపతులు, విడిపోతే అప్పు ఎవరిదో ఆరోజే కాగితం మీద రాసుకోండి. అది అపశకునమేమీ కాదు.