ఆత్రేయపురంలో ఒక రోజు

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన దాటితే కోనసీమ. ఇటు వశిష్ఠ, అటు గౌతమి, కింద సముద్రం. మొత్తం ఒక పెద్ద లంకే. రావులపాలెం నుంచి లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం చేరాం. మాతో మన సంఘపు సహోదరి ఒకరు వచ్చారు. భర్త పోయి రెండేళ్లు. రేకులు తీయడం వస్తే ఇద్దరు పిల్లల్ని చదివించుకోవచ్చని ఆమె ఆశ.

పాత మిఠాయి కొట్లో నెయ్యి, బెల్లం పెట్టి చుట్టిన పూతరేకులు కొన్నాం. నోట్లో పెడితే కరిగిపోయాయి. అసలు పని మాత్రం వెనక ఇంట్లో ఉంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగితే, రెప్పపాటులో కాగితంలాంటి రేకు. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు తెచ్చింది ఈ చేతులే. పెట్టె మీద మాత్రం కొట్టు పేరే ఉంది. అది మాకు నచ్చలేదు.

"ముందు కళ్లు మండుతాయమ్మా, తర్వాత వేళ్లు," అంది రేకులు తీసే పెద్దావిడ.

సహోదరి పీట మీద కూర్చున్నారు. మొదటి రేకు చిరిగింది. రెండోది కుండకే అంటుకుంది. ఐదోది సగం నిలిచింది. సారెపతు విధవరాలి తొట్టిలోని పట్టెడు పిండి మాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు, ఆ పొగలో ప్రసంగం ఎందుకు?

తిరుగు ప్రయాణంలో ఆమె ఒళ్లో మిఠాయి పెట్టె లేదు, కొత్త కుండ ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నారు.